సగం దారిలో పొరక చప్పుడు

దయ్యాలను చూశామనీ, చనిపోయినవాళ్లు పేరు పెట్టి పిలిచారనీ చెప్పేవాళ్లు మా బంధువుల్లో చాలామందే ఉన్నారు. నేను ఆ మాటలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసే రకం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. పెళ్లికి ముందు రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. దేనికైనా ఒక కారణం ఉంటుందనీ, అది మనకు అందకపోతే మనకు తెలిసింది తక్కువని అర్థమనీ పిల్లలకు చెప్పినదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇక్కడ రాసేదాంట్లో దయ్యం లేదు కూడా. ఒక చప్పుడు ఉంది, అంతే.

మాది తమిళనాడులోని రాజపాళయం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం గాని బడిలో చదివింది తమిళం. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. పాప నిద్రపోయాక దాని పక్కనే కూర్చుని రాస్తున్నాను. మధ్య మధ్య ఆగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. మూడేళ్ల పిల్లకు అలా చూడక్కర్లేదని అందరూ అంటారు. నాకూ తెలుసు. అయినా చూస్తాను.

మా ఆయన నర్సు. పాప నా కడుపులో ఐదో నెలలో ఉండగా, మూడేళ్ల ఒప్పందం మీద లండన్‌లో ఒక ఆసుపత్రిలో చేరారు. పాపను ఫోన్‌లో చూడటమే తప్ప ఎత్తుకోలేదు. దానికి ఏడో నెల వచ్చాక మాకు వీసా వచ్చింది. పాపతో నేనొక్కదాన్నే వెళ్లాలి.

అది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. పాలు తాగించి ఎంతసేపు భుజం మీద వేసుకున్నా ఒక్కోసారి కక్కేది. నిద్రలో కక్కితే ఏమవుతుందో డాక్టర్ ఒకసారి నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. విమానం అంటే నాకున్న భయం ఆకాశం గురించి కాదు. అన్ని గంటలు డాక్టర్ లేని చోట, ఒంటరిగా, నేను కన్ను మూస్తే ఎలా అన్నదే.

మా ఇంట్లో అందరికన్నా పెద్దది అవ్వ, అంటే మా ఆయన నాన్నమ్మ. ఎనభై దాటాయి. ఆమెకు ఒక పట్టింపు ఉంది. మనిషి ఊరికి బయలుదేరాక, ఆ మనిషి అక్కడ చేరేదాకా ఇంట్లో పొరక పట్టకూడదు. చీపురును మేం పొరక అంటాం. వెళ్లినవాళ్ల వెనకే ఇల్లు చిమ్మితే వాళ్లనే చిమ్మి పారేసినట్టని ఆమె భయం. ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ అవ్వ దగ్గర దీనికొక లెక్క ఉంది. సత్రపట్టికి పోతే ఉలవలు ఉడికేంత సేపు. తళవాయిపురానికి బస్సులో పోతే, ఆ బస్సు తిరిగి మా వీధి మలుపు దాటేదాకా. మదురైకి ఒక పూట. చెన్నైకి రైలెక్కితే మరుసటి పొద్దున ఫోన్ వచ్చేదాకా. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో ఆమెకు తెలియదు. ఏ ఊరికి ఎంతసేపు పొరక ఆపాలో మాత్రం తెలుసు.

లండన్‌కు ఎంతసేపు ఆపాలి? మేం బయలుదేరే రోజు ఆమె అడిగిన ప్రశ్న అదే.

అప్పుడు నేను పెట్టె సర్దుతున్నాను. దానికి తోడు పాప ఉగ్గుగిన్నె కనిపించడం లేదు. వెండిది, మా మామగారు పసివాడిగా ఉన్నప్పటిది. దాని అంచున ఒక సొట్ట ఉంది. నేల మీద పడితే ఆ సొట్ట వల్ల తిన్నగా దొర్లదు. టంగ్ అని, మళ్లీ టక్ అని, కుంటుతూ తిరుగుతుంది. ఇల్లంతా వెతికాం. అవ్వ మాత్రం తన ప్రశ్న వదలలేదు.

"ఎన్ని గంటలకి ఎక్కేది? ఎన్ని గంటలకి దిగేది? రాసిపెట్టి పో."

క్యాలెండర్ నుంచి ఒక కాగితం చించి, వెనక వైపు తమిళంలో రాశాను. ఎక్కేది తెల్లవారి ఐదున్నర, దిగేది పదకొండు ఇరవై ఐదు. టికెట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఆరు గంటలేనా? చెన్నైకి రైలే పదకొండు గంటలు తీసుకుంటాది. సీమకి ఆరు గంటల్లో దిగుతావా పిల్లా?"

"విమానం అవ్వా అది. పొగబండా?" అన్నాను, పెట్టెలోంచి తల ఎత్తకుండానే. సీమ అంటే ఆమె లెక్కలో లండనే.

టికెట్‌లో దిగే సమయం ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. చలికాలం కాబట్టి అప్పుడు మనకూ లండన్‌కూ ఐదున్నర గంటల తేడా. అంటే మేం దిగేది మన లెక్కలో సాయంత్రం ఐదుకు. ప్రయాణం పదకొండున్నర గంటలు. ఈ లెక్క తెలియనిదాన్ని కాను. కాలేజీలో పిల్లల చేత ఇలాంటి లెక్కే బోర్డు మీద చేయించాను. ఆ పూట మాత్రం నా బుర్ర ఉగ్గుగిన్నె దగ్గర ఉంది. గిన్నె దొరకలేదు. కాగితం అలాగే ఉండిపోయింది. అత్త దాన్ని గడియారం కింద మేకుకు గుచ్చింది.

చెన్నైలో మా ఆడపడుచు లలిత ఇంట్లో ఒక రోజు ఉన్నాం. మేం చెన్నై చేరామని ఫోన్ చేశాక అవ్వ ఇల్లు చిమ్మించింది. మరుసటి రోజు మళ్లీ ఆపేసింది. "నిన్నటిది చెన్నైకి. ఈ పొద్దుది సీమకి" అన్నదట.

విమానంలో ముందు వరుసలో సీటు ఇచ్చారు. ఎదురుగా గోడకు ఒక చిన్న తెర. దాని మీద మా విమానం ఒక తెల్లని గుర్తు. పక్కన ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఇంకా ఎన్ని గంటలు అని రెండు అంకెలు. మొదలయ్యేప్పుడు ఎనిమిది వేలకు పైన ఉంది. ఆ అంకె తగ్గుతుంటే, పాప ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చేతి గడియారాన్ని మన సమయం మీదే ఉంచాను, పాలిచ్చే వేళలు తప్పకూడదని.

అంతకుముందు రెండు రాత్రులు నేను పడుకోలేదు. పదకొండు గంటలకు పాలు పట్టాను. చాలాసేపు భుజం మీద వేసుకుని తిరిగాను. తేన్చింది. తర్వాత ఒళ్లో, ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని, పైన శాలువా కప్పాను. కిటికీలోంచి మంచు కొండలు కనిపించాయి. అవి ఏ దేశానివో అనుకుంటున్నాను. అంతే గుర్తుంది. ఏది జరగకూడదని భయపడ్డానో అదే జరిగింది. నిద్రపోయాను.

నిద్రలో మూడు దెబ్బలు వినిపించాయి. టప్, టప్, టప్.

ఇక్కడ అవ్వ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పొరక పట్టగానే, దాని మొదలును గడప మీద మూడుసార్లు కొట్టి ఈనెలు సరిచేసుకుంటుంది. మోకాలు సహకరించదు కాబట్టి రెండు పొడవైన ఊపులు, ఒక పొట్టి ఊపు, కాస్త ఆగడం. మా ఇంట్లో ఇంకెవరూ అలా చిమ్మరు. అత్త కొట్టదు, నేనూ కొట్టను. పెళ్లయిన నాటి నుంచి ప్రతి పొద్దునా నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే.

మూడు దెబ్బల తర్వాత ఈనెలు సిమెంటు నేల మీద గీసుకునే చప్పుడు. రెండు పొడవు, ఒకటి పొట్టి. అది కలే అనుకుందాం. నేను కూడా అలాగే అనుకుని, ఇంకా కాసేపు పడుకోవచ్చులే అని నిద్రలోనే అనుకున్నాను.

అప్పుడు ఉగ్గుగిన్నె పడింది. టంగ్, టక్. టంగ్, టక్. నా కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వచ్చినట్టు వినిపించింది. "అబ్బ, దొరికింది" అనుకుని, కళ్లు మూసుకునే, దాన్ని అందుకోవడానికి ముందుకు వంగాను.

వంగేసరికి ఒళ్లో పాప జారింది. తల వేలాడిపోయింది. నిద్రపోయే బిడ్డ మెడ కూడా అలా వేలాడదు. కళ్లు తెరిచాను. శాలువా పక్కకు పోయింది. దాని పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. నోటి నిండా పాలు. ఏడుపు లేదు, చప్పుడు లేదు, కదలిక లేదు.

నేను ఏమని అరిచానో నాకు తెలియదు. విమానంలో పనిచేసే ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుని, తన ముంజేతి మీద బోర్లా వేసి, వీపు మధ్యన అరచేత్తో గట్టిగా కొట్టింది. ఒకటి. రెండు. మూడు. మూడో దెబ్బకు పాలు బయట పడ్డాయి. నాలుగో దెబ్బ అవసరం కాలేదు. పాప ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి నేను బతికున్నానని ఇప్పటికీ అనుకుంటాను.

సత్రపట్టి మగ్గాల మీద నేసిన, గాయాలకు కట్టే గాజుగుడ్డ ముక్కలు సంచిలో ఉన్నాయి. వాటితో నోరు, ముక్కు తుడిచాం. చివరిగా పాలు ఎప్పుడు పట్టారని ఆవిడ ఒక కాగితం మీద రాసుకుంటూ అడిగింది. గడియారం చూశాను. పదకొండు నలభై. తెర మీద ఇంకా నాలుగు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఐదు గంటల పైచిలుకు. అంటే అప్పుడప్పుడే సగం దారి దాటాం.

తర్వాత ఆవిడతో కలిసి సీటు కింద వెతికాను. గిన్నె లేదు. ఎక్కడైనా ఏదైనా పడిందా అని అడిగాను. ఏమీ పడలేదనీ, భోజనాల బండి ఇంకా తీయలేదనీ చెప్పింది. నేల మీద తివాచీ పరిచి ఉంది. ఆ నేల మీద వెండి గిన్నె పడినా అలా మోగదు.

మిగతా ఐదు గంటలూ నేను రెప్ప వేయలేదు.

లండన్‌లో మా ఆయన పాపను మొదటిసారి ఎత్తుకుని ఏడుస్తుంటే, నేను ఇంటికి ఫోన్ చేశాను. అత్త తీసింది. చేరామని చెప్పేలోపే ఆమె, "ఉగ్గుగిన్నె దొరికినాదమ్మా, మంచం కింద ట్రంకుపెట్టె వెనకాల ఉన్నింది" అంది. ఎప్పుడని అడిగాను.

ఫోన్ అవ్వ లాక్కుంది. "బిడ్డ బాగుండాదా? ముందు అది చెప్పు."

"బాగుంది అవ్వా."

అవతల ఏడుపు వినిపించింది. అవ్వ ఏడవగా నేను అంతకుముందు వినలేదు.

విమానంలో జరిగింది నేను వాళ్లకు చెప్పాను; ఇంట్లో ఏం జరిగిందో తర్వాత అత్త, లలిత చెప్పగా తెలిసింది. ఆ పొద్దున అవ్వ గడియారం ఎదురుగా కూర్చుంది. కాగితంలో రాసినట్టు పదకొండు ఇరవై ఐదు అయ్యింది. ఇంకో పది నిమిషాలు చూసింది. అత్తకు అనుమానం వచ్చి, కనుక్కుందామని చెన్నైకి లలితకు ఫోన్ చేసింది. అవ్వ మాత్రం, "చదువుకున్న పిల్ల రాసిపెట్టి పోయినాది గదా, దిగింటాది" అని తనే పొరక తీసుకుని లోపలి గదిలోకి పోయింది.

"ఏమే, మీ వదిన దిగినాదా?" అని అత్త ఫోన్‌లో అడుగుతోంది.

"ఏందిమా నువ్వు? వాళ్లు దిగేది మన టైముకి సాయంత్రం ఐదుకి. ఇంకా సగం దారి కూడా... అదేంది ఆ సద్దు?"

లోపల అవ్వ పొరక మంచం కింద దేనికో తగిలింది. గిన్నె ట్రంకుపెట్టె వెనక నుంచి బయటికొచ్చి గదంతా దొర్లింది. ఆ చప్పుడు చెన్నైలో లలితకు కూడా వినిపించింది.

అత్త ఫోన్ పట్టుకునే అరిచింది. "అత్తా, పొరక కింద పెట్టండి! ఇంకా దిగలేదంట!"

అవ్వ పొరకను పట్టుకున్నచోటే వదిలేసింది. చిమ్మిన చెత్త చిమ్మినచోటే ఉంది. గడపలో కూర్చుని సాయంత్రం ఆరున్నరకు నా ఫోన్ వచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదట.

లలిత ఫోన్‌లో ఆ కాల్ వివరం ఉంది. నేను అడిగి తెప్పించుకున్నాను. పదకొండు ముప్పై ఆరుకు మొదలై, నాలుగు నిమిషాలు.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. నిద్ర లేని మనిషికి లేనివి వినిపిస్తాయి. పోయిన గిన్నె గురించే మనసు తిరుగుతుంటే కలలోకి గిన్నే వస్తుంది. తల్లికి నిద్రలోనూ ఒళ్లో బిడ్డ బరువు మారితే తెలుస్తుంది, మెలకువ తెప్పించడానికి బుర్ర ఏదో ఒక చప్పుడు కల్పించుకుంటుంది. ఇవన్నీ నమ్మదగినవే. ఒక్కొక్కటీ ఒప్పుకుంటాను. ఆ నాలుగు నిమిషాలే వీటిలో ఇమడడం లేదు.

మా ఆయన ఒప్పందం ముగిసి, మేం ఈ మధ్యే రాజపాళయం తిరిగొచ్చేశాం. ఈసారి కాగితం మీద మన సమయమే రాసి, రెండుసార్లు సరిచూసి పంపాను. వచ్చేటప్పుడు విమానంలో పదిన్నర గంటలూ చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏమీ వినిపించలేదు. పాప నిద్రపోయింది, లేచింది, జంతికలు తింది, అంతే.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ రోజు తర్వాత అవ్వ మళ్లీ పొరక పట్టలేదని. రెండేళ్లుగా అత్తే చిమ్ముతోంది. మోకాలి నొప్పి అని అందరితో చెబుతుందట. ఒక మధ్యాహ్నం నేనూ ఆమే ఉన్నప్పుడు అడిగాను.

"నేను పొరక పట్టబట్టే గదా బిడ్డకి అట్లయినాది" అంది.

"కాదవ్వా. మీరు పట్టబట్టే నేను లేచాను."

"నువ్వట్ల చెప్తావు. నేను చిమ్మకుంటే బిడ్డకి కక్కు అడ్డం పడేదే కాదేమో."

ముందు పాలు అడ్డం పడ్డాయా, ముందు పొరక కదిలిందా? నిమిషాల లెక్కలో అంత చిన్న తేడా తెలియదు. ఒకటి మాత్రం చెప్పాను. "తప్పు రాసింది నేను. సరిగా రాసి ఉంటే సాయంత్రందాకా మీరు పొరక పట్టేవారు కాదు. గిన్నె ట్రంకుపెట్టె వెనకే ఉండేది. నేను నిద్రపోతూనే ఉండేదాన్ని."

అవ్వ మోకాలు రాసుకుంది. తర్వాత, "అట్లయితే చదువుకున్నదాని తప్పు కూడా ఒకందుకు మంచిదే" అంది. నన్ను వెక్కిరించడానికి అన్నదే. అయినా ఆమె మనసు కుదుటపడలేదని ముఖంలో తెలిసింది.

ఇదంతా ఈ రోజు రాయడానికి కారణం, ఈ పొద్దున జరిగింది.

అత్త వాకిలి చిమ్మి పొరకను గోడకు ఆనించి లోపలికి పోయింది. అవ్వ తిన్నె మీద కూర్చుని ఉంది. నేను పాపకు జడ వేసి వదిలాను. అది నేరుగా పోయి, తనకన్నా పొడవైన ఆ పొరకను రెండు చేతులతో పట్టుకుంది. గడప దగ్గరికి ఈడ్చుకొచ్చింది. మొదలును గడప మీద కొట్టింది. టప్, టప్, టప్. తర్వాత చిమ్మడం మొదలుపెట్టింది. రెండు పొడవు, ఒకటి పొట్టి, కాస్త ఆగడం.

అలా చేయడం దానికి ఎవరూ చూపలేదు. మేం తిరిగొచ్చాక ఈ ఇంట్లో అలా చిమ్మినవాళ్లు లేరు. ఏడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు విన్నది మూడేళ్లకు గుర్తుంటుందా? ఉండదని చదివాను. ఉంటుందేమో. నాకు తెలియదు.

నేను అవ్వ వైపు చూశాను. ఆమె పాపనే చూస్తోంది. కాసేపటికి, "ఇది కూడా విన్నాదే" అంది, నాతో కాదు, తనలో తాను. తర్వాత పాప వైపు చెయ్యి చాపింది. "ఇట్లియ్యే కుట్టీ. పొరక అట్ల పడతారా? చూడు."

రెండేళ్ల తర్వాత అవ్వ మా వాకిలి మళ్లీ చిమ్మింది. చిమ్మిన వాకిలే. మోకాలు నొప్పి అంటూ, మధ్య మధ్య ఆగుతూ, పాప కొంగు పట్టుకుని వెంట తిరుగుతుంటే, తిన్నె చివరిదాకా చిమ్మింది. నేను లోపలికి పోయి, ఉగ్గుగిన్నె తీసి, కళ్లకు అద్దుకుని, మళ్లీ దాని చోట పెట్టాను.

ఎవరికి మొక్కానో చెప్పలేను. వీపు మీద కొట్టిన ఆ విమానం ఆవిడ పేరు కూడా అడగలేదు. ఆమెకూ, అవ్వకూ, క్యాలెండర్ కాగితం మీద నేను రాసిన తప్పుకూ, అన్నింటికీ కలిపి మొక్కాను.

మా ఇంటి మంచం కింద నుంచి ఆ మంచు కొండల పైకి, నాలుగు వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. మా విమానానికి ఆ దూరం ఆరు గంటలు పట్టింది. గిన్నె చప్పుడుకు ఎంతసేపు పట్టిందో లెక్కలు చదువుకున్న నేను ఇప్పటికీ చెప్పలేను.

పాప ఇప్పుడే పక్కకు తిరిగి పడుకుంది. వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.